వంకలేని బానెట్

మా అత్తగారి కారుకి కొత్త బానెట్ వెతికే పని నా నెత్తిన పడింది. నా అంతట నేను ఎత్తుకున్నది కాదు, మా ఆవిడ ఎత్తి పెట్టింది. పోనీ వెతకమని ఊరుకుందా అంటే అదీ లేదు. "అమ్మని వెంటబెట్టుకుని అన్నిచోట్లా తిప్పండి. కానీ ఏదీ కుదరకుండా చూడండి" అంది.

నాకు ఒళ్ళు మండింది. కొనమంటే కొంటాను, వద్దంటే మానేస్తాను. కొంటున్నట్టు తిరిగి, కొనకుండా రావడం ఏం పని? నాది కళ్ళజోళ్ళ షాపు. వచ్చినవాళ్ళకి ఎదురుగా ఉన్నది ఉన్నట్టు కనబడేలా చేసి పంపడం నా వృత్తి. కళ్ళకి గంతలు కట్టడం నాకు చేతకాదు. ఆ మాటే అన్నాను.

"నడపొద్దని మీ అమ్మకి నువ్వే చెప్పొచ్చుగా. మధ్యలో నేనెందుకు?"

"నేను చెప్తే నాతో మాట్లాడటం మానేస్తుంది."

"ఈ సంగతి తెలిస్తే నాతో మానేస్తుంది."

"మీతో ఎప్పుడు మాట్లాడిందని, ఇప్పుడు కొత్తగా మానెయ్యడానికి?" అంది మా ఆవిడ, ఉతికిన బట్టలు మడతపెడుతూ. నేనూ ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టాను.

ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కు మీద నడుమ ఎత్తుగా లేచిన ఒక మూపురం. మూపురానికి ముందువైపు నోరు ఉంటుంది, అందులోంచి ఇంజనుకి గాలి వెళుతుంది. తయారుచేసినవాళ్ళు దాన్ని ఏమన్నారో గాని, మా ఇంట్లో అందరం మూపురమనే అంటాం. మా మామగారు బతికున్న రోజుల్లో షోకు కోసం కొన్నారట. అది తాగే పెట్రోలు చూసి ఆయన బెంబేలెత్తిపోతే, అత్తగారు దానికి డ్రైవింగ్ స్కూలు బోర్డు తగిలించి, దాని తిండి అదే సంపాదించుకునేలా చేశారు. మామగారు పోయాక ఇల్లు కూడా అదే గడిపింది. మా ఆవిడ చదువంతా ఆ కారు పుణ్యమే.

పక్క సీటు ముందు ఇంకో బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్ళ కోసం. అత్తగారు ఆ సీట్లో కూర్చుని, కాలు ఆ బ్రేకు మీద ఆనించి, ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పారు. "మూపురం అంచు రోడ్డు అంచు మీద పెట్టు. అక్కణ్ణించి కదలనివ్వకు" అనే మాట వినని డ్రైవరు మా పేటలో దొరకడు. బయట ఎంత చిన్నవాళ్ళనైనా మీరు అని మన్నించే మనిషి, కారు తలుపు పడిందంటే ఎంత పెద్దవాళ్ళనైనా నువ్వు అనేవారు. అందరూ పడేవాళ్ళు. పని నేర్చుకోవాలి కదా.

అల్లుణ్ణి మాత్రం ఆవిడ ముందుకి పోనివ్వలేదు. పెళ్ళయిన కొత్తలో నన్నూ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. ఎవడో సైకిలువాడు అడ్డంగా దూరాడు. నేను తల బయటపెట్టి వాడి ఏడు తరాలనీ కడిగేశాను. అత్తగారు తన బ్రేకు తొక్కి, కారు ఆపి, "దిగు" అన్నారు. "భయమున్నవాళ్ళకి నేర్పగలను. భయమేస్తే దిగి నిలబడమంటాను, అందులో సిగ్గేం లేదంటాను, నేర్చుకుంటారు. కోపమున్నవాడికి ఏం నేర్పను?" అన్నారు. నాకు రోషం ముంచుకొచ్చింది. మర్నాడే ఎదురువీధి స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకున్నాను. ఇప్పుడు నాకో చిన్న కారుంది. అత్తగారు ఇంతవరకు దాన్లో కాలు పెట్టలేదు.

ఆవిడ స్కూలు మూసేసి ఏళ్ళయింది గాని, కారు నడపడం మానలేదు. పొద్దున్నే మార్కెట్టుకి వెళ్ళడం, పక్కింటివాళ్ళని ఆస్పత్రి దగ్గర దింపడం, లైబ్రరీకి వెళ్ళి రావడం అన్నీ దాని మీదే. ఈమధ్య ఒకరోజు మార్కెట్టు మలుపులో ఆగి ఉన్న ఒక తోపుడుబండిని గుద్దేశారు. ఖాళీ బండి. దాని ఇనప చట్రం బానెట్ మీదికెక్కి మూపురాన్ని అణగదొక్కేసింది. అత్తగారి ఒంటి మీద గీత కూడా పడలేదు. బండివాడికి కొత్త చట్రం చేయించి ఇచ్చే ఏర్పాటు చూసి, ఇంటికొచ్చి, "బానెట్ మార్చాలి" అని ముక్తసరిగా చెప్పి స్నానానికి వెళ్ళిపోయారు. మా ఆవిడ మాత్రం వంటింట్లో నిలబడి ఏడ్చింది. "బండి పక్కన మనిషి ఉంటే? అమ్మకే ఏమన్నా అయితే?" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

మొదట కళ్ళ మీద అనుమానం వచ్చింది. షాపుకి తీసుకొచ్చి నేనే పరీక్ష చేశాను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆవిడ కళ్ళు నా కళ్ళకన్నా బావున్నాయి. చార్టులో అట్టడుగు వరస కూడా గడగడా చదివేసి, "ఇంకా కింద ఏమన్నా రాశారా?" అని అడిగారు. ఈ సంగతి చెబితే మా ఆవిడ ముఖం చిన్నబోయింది. కళ్ళు బావుంటే నడపొద్దనడానికి సాకేముంది? అప్పుడు పుట్టింది ఈ బానెట్ పథకం. బానెట్ దొరికితే అత్తగారు మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంటారు. దొరక్కపోతే కారు టింకరింగ్ షెడ్డులో టార్పాలిన్ కింద పడుంటుంది, ఆవిడ నడపడం దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ ఎవరినీ వద్దనక్కర్లేదు.

నిజం చెప్పొద్దూ, నాకిది బొత్తిగా రుచించలేదు. చూపు శుభ్రంగా ఉన్న మనిషి చేతిలోంచి స్టీరింగ్ లాక్కోవడం అన్యాయం. అది లేకపోతే ఆవిడ ఏమైపోతారో అని కూడా నాకు దిగులుగా ఉంది. అయినా మా ఆవిడ ఏడుపు చూశాను కదా, సరేనన్నాను.

నా కారులో రానన్నారు కాబట్టి ఆటోలో బయల్దేరాం. అత్తగారితో ఆటో ప్రయాణం ఒక శిక్ష. ఆవిడ కుడికాలు ఊరుకోదు. మలుపు వచ్చినా, ముందు ఏ బండి ఆగినా, లేని బ్రేకుని ఆటో నేల మీద టపీమని తొక్కుతారు. పాపం ఆటో అతను ఆ చప్పుడుకి వెనక్కి తిరిగి, "ఆపాలా అమ్మా?" అని అడిగాడు.

"నన్ను చూస్తావేం? ముందు చూసి నడుపు" అన్నారు అత్తగారు, మళ్ళీ తొక్కుతూ.

తుక్కు యార్డులో బానెట్లన్నీ గోడకి చేరేసి ఉన్నాయి. యార్డు యజమాని కళ్ళజోడుకి ఒకవైపు కాడ విరిగితే, దారంతో చెవికి కట్టుకున్నాడు. ఆ దారం చూసి నా చేతులు దురదపెట్టాయి గాని తమాయించుకున్నాను. అత్తగారు చేతిసంచిలోంచి ఒక అయస్కాంతం తీశారు.

"అదెందుకండీ?" అన్నాను.

"సొట్టలు పడ్డచోట లప్పం పూసి పైన రంగేసేస్తారు. రేకైతే ఇది అంటుకుంటుంది, లప్పమైతే జారిపోతుంది. మనుషుల మాట వినక్కర్లేదు" అన్నారు.

మొదటి బానెట్ మూపురం మీద పెట్టగానే అయస్కాంతం జర్రున జారి నేల మీద పడింది. యజమాని ఏమీ ఎరగనట్టు ఆకాశం కేసి చూశాడు. రెండోదానికి మూపురం బదులు రెండు ముక్కుపుటాల్లాంటివి ఉన్నాయి. "ఇది జలుబు చేసిన బండిది" అని అత్తగారు దాటేశారు. మూడోది అసలు ఏ ఎత్తూ లేని చదును రేకు.

"మూపురం ఒట్టి షోకమ్మా. ఇది శుభ్రంగా బిగించుకుని పోండి" అన్నాడు యజమాని.

"ఇంజను మీద గాలి ఫిల్టరు ఇంతెత్తున ఉంటుంది. దీన్ని మూస్తే అదెక్కడ పెట్టమంటారు, మీ నెత్తి మీదా?"

అతను నాలుగోది బయటికి లాగాడు. అచ్చం మన బానెట్టే. మూపురం అదే, నోరు అదే. అయస్కాంతం ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుంది. అత్తగారు చెయ్యి ఆనించి మూపురం ఎత్తు కొలిచారు. సరిగ్గా బెత్తెడు. ఇక నా పని నేను చెయ్యక తప్పదు. మా ఆవిడ నాకు మూడు వంకలు నేర్పి పంపింది: అంచులు సమంగా లేవు, రేకు పల్చన, రంగు కలవదు. నేను గొంతు సవరించుకుని మొదటిది అనబోతుంటే, అత్తగారు వంగి ఒక మూల గోటితో గీరారు.

"తుప్పు" అన్నారు.

అది గోరంత మచ్చ. యజమాని దారం సర్దుకుని మరీ చూశాడు. "ఈ వయసు బండికి ఈమాత్రం ఉండదా అమ్మా? గరుకు కాగితం పెట్టి రుద్దితే పోతుంది."

"పైకి ఇంత. లోపల ఎంతుందో ఎవరు చూశారు? వద్దులెండి."

నా నెత్తిన పాలు పోసినట్టయింది. నోరు విప్పకుండానే పనైపోయింది. తిరుగుదారిలో ఆవిడ టపీ టపీమని నేల తొక్కుతున్నా నాకు చిరాకు వెయ్యలేదు.

తర్వాత వెళ్ళింది ఫైబర్ బానెట్లు అమ్మే షోరూముకి. అద్దాల తలుపు, లోపల చల్లగా ఉంది. సేల్స్‌మన్ పెట్టుకున్న కళ్ళజోడులో పవరు లేదు, ఒట్టి గాజు. నాలాంటివాడికి ఆ సంగతి దూరం నుంచే తెలిసిపోతుంది. అతను ఒక బానెట్ ఒంటిచేత్తో ఎత్తి చూపించాడు. దాని మూపురం పెట్టెంత ఉంది, నోరేమో కారు ముందద్దం వైపుకి తిరిగి ఉంది.

"ఇంతెత్తుంటే ఎదురుగా ఏనుగొచ్చినా కనబడదు" అన్నారు అత్తగారు.

"ఎత్తు మీ ఇష్టం మేడం. మీరెంత చెప్తే అంత పోసిస్తాం. నోరు ముందుకి కావాలంటే ముందుకి, వెనక్కి కావాలంటే వెనక్కి. రంగు కూడా మీ కారుకి కలిపేస్తాం. తుప్పు పట్టే సమస్యే లేదు."

నా మూడు వంకల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు. అన్నీ మన ఇష్టమే అంటున్నవాణ్ణి పట్టుకుని ఏం తప్పు పట్టను? సాయం కోసం అత్తగారి వైపు చూశాను. అలా చూశానని నాకే తర్వాత తెలిసింది.

"ఇంత తేలిగ్గా ఉంది. గాలికి లేచిపోదా?" అన్నారావిడ.

"అందుకే పైనుంచి పిన్నులు బిగిస్తాం మేడం. నాలుగు మూలలా నాలుగు."

"పిన్నులు పెట్టడానికి ఇదేమన్నా దండెం మీద ఆరేసిన బట్టా?" అని అత్తగారు లేచి బయటికి నడిచారు. అద్దాల తలుపు దాటాక ఆవిడ ముఖం చూశాను. ప్రశాంతంగా ఉంది. బేరం కుదరనివాళ్ళ ముఖంలా లేదు. నాకేదో తేడాగా తోచింది గాని, పని గట్టెక్కిన సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. "అమ్మకి అనుమానం రాలేదు కదా?" అంది.

"నేనసలు నోరు విప్పితే కదా. ఆవిడే పెడుతోంది వంకలన్నీ."

"అమ్మ అంతే, ఏదీ ఒక పట్టాన నచ్చదు. మిమ్మల్నే నచ్చలేదు" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు మళ్ళీ దిగులు పట్టుకుంది. కూతురు నవ్వాలంటే తల్లి నడపకూడదు. తల్లి నడపాలంటే కూతురు ఏడవాలి. ఇద్దరి మధ్యలో నేను బానెట్లు చూసుకుంటూ తిరుగుతున్నాను.

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటుండగా టింకరింగ్ మేస్త్రి పిలిచాడు. కారు ఉన్నది ఇతని షెడ్డులోనే. ఒకప్పుడు అత్తగారి శిష్యుడు, ఆవిడంటే ప్రాణం. మేం వెళ్ళేసరికి టార్పాలిన్ తీసేసి, కారు తుడిచి, బానెట్ బిగించి పెట్టాడు. ఇంకా రంగు వెయ్యని బూడిదరంగు రేకు.

"ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీంచి దింపారు మేడం. ఇదే మోడల్ బండి ఉండేదట, స్పేర్‌గా కొని అట్టపెట్టెలోంచి తియ్యనే లేదు. నాకు తెలిసినవాళ్ళందరికీ చెప్పిపెట్టాను. మీ కారు ఇలా పడుంటే నాకు అన్నం సయించడం లేదు" అన్నాడు. అతని కళ్ళజోడు మా షాపుదే. వెల్డింగ్ రవ్వలు పడి అద్దాల నిండా చుక్కలున్నాయి. ఆ చుక్కల వెనక అతని కళ్ళు సంతోషంతో మెరుస్తున్నాయి.

అత్తగారు అయస్కాంతం తీశారు. ఎక్కడ పెట్టినా అతుక్కుంది. రెండువైపులా సందులో వేలు పెట్టి నడిపించారు. రెండు పక్కలా ఒకే సందు. చెయ్యి ఆనించారు, సరిగ్గా బెత్తెడు. పైకెత్తి వదిలారు. ఒక్క క్లిక్కుతో మూసుకుంది. మళ్ళీ ఎత్తి లోపలివైపు చాలాసేపు చూశారు. నేను నా మూడు వంకలూ మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాను. అంచులు సమంగా ఉన్నాయి. రేకు మందంగా ఉంది. రంగు కలవదందామంటే ఇంకా వెయ్యనేలేదు. ఈసారి ఆవిడైనా ఏదో ఒకటి అంటారేమోనని చూశాను.

"వంకేం లేదు" అన్నారు అత్తగారు. ఆ గొంతులో సంతోషం వినబడలేదు.

మేస్త్రి తాళంచెవి తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఒక రౌండు వేసి రండి మేడం."

ఆవిడ తాళంచెవి వైపు చూసి, నా వైపు చూసి, "మీరూ రండి" అన్నారు. నేను వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. కాళ్ళ దగ్గర రెండో బ్రేకు కనబడింది. తగిలితే తిడతారేమోనని కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. తలుపులు పడ్డాయి.

ఆవిడ నడుం కింద దిండు సర్దుకున్నారు. అద్దం సర్దారు. దిండు తీసేశారు. అద్దం మళ్ళీ సర్దారు. కొంగుతో స్టీరింగ్ తుడిచారు. మేస్త్రి దారిలో ఉన్న ఒక నీలం డ్రమ్ముని పక్కకి దొర్లించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాళంచెవి తిరగలేదు.

"ఆ డ్రమ్ము ఎక్కడ పెట్టాడు?" అన్నారు అత్తగారు.

"అదిగో, ముందు, మీ వైపే."

"నాకు కనబడటం లేదు."

ఆ కళ్ళు నేనే కదా పరీక్ష చేసింది. అంత పెద్ద డ్రమ్ము కనబడకపోవడమేమిటి? గబుక్కున ఆవిడ వైపు ఒరిగి, నా తల ఆవిడ తల పక్కన పెట్టి చూశాను. అక్కణ్ణించి చూస్తే మూపురం ఉంది, దాని పైన షెడ్డు కప్పు ఉంది. డ్రమ్ము లేదు. నా ఎత్తుకి లేచి కూర్చుంటే డ్రమ్ము మళ్ళీ వచ్చింది. నేను కళ్ళు చూశాను గాని, ఆ కళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడలేదు.

"మూపురం పెరగలేదు, నేనే కుంగిపోయాను" అన్నారావిడ నెమ్మదిగా. "దిండు వేసుకుంటే కాలు క్లచ్చుకి అందదు. తీసేస్తే రోడ్డు అందదు. ఏడాదిగా అలవాటు మీద నడుపుతున్నాను."

"ఆ రోజు తోపుడుబండి..."

"కనబడలేదు. గుద్దాక దిగి చూశాను. బండి పక్కన ఒక జత చెప్పులున్నాయి. చెప్పులున్నాయి, మనిషి లేడు. వంగి కిందంతా వెతికాను. నా ప్రాణం నాలో లేదు. అతను చెప్పులు అక్కడ విడిచి, బండరాయి మీద కాళ్ళు కడుక్కుంటున్నాడు, కుళాయి దగ్గర. నన్ను చూసి అతనే పరిగెత్తుకొచ్చి నీళ్ళిచ్చాడు." ఆవిడ స్టీరింగ్ మీంచి చేతులు తీసేశారు. "నాకు భయమేస్తోంది. ఇంక నడపలేను."

ఆ మాట ఆవిడ నోట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు. "మరి ఇన్ని రోజులూ చెప్పలేదేమండీ?"

"ఎవరికి చెప్పను? ఊళ్ళో సగం మందికి ధైర్యం నూరిపోశాను. మా అమ్మాయి చిన్నప్పట్నించీ 'మా అమ్మకి భయమంటే తెలీదు' అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. దాని మొహం చూసి ఎలా చెప్పను? బానెట్ దొరక్కపోతే ఏ గొడవా ఉండదు కదా అనుకున్నాను. అందుకే ప్రతిదానికీ వంక పెట్టుకుంటూ తిరిగాను. ఈ వెధవ బానెట్‌కేమో ఒక్క వంకా లేదు."

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. బయట మేస్త్రి కంగారుపడి ఒక అడుగు ముందుకేశాడు. అత్తగారు కళ్ళెర్రజేసి చూస్తున్నారు. దిగు అంటారేమోనని భయపడుతూనే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "నేనూ అందుకే తిరిగానండీ. ఏదీ కుదరకుండా చూడమని మీ అమ్మాయే నన్ను పంపింది. వంకలు కూడా నేర్పి పంపింది."

"నా కూతురా?"

"మీరు స్నానానికి వెళ్ళారు చూడండి, ఆ రోజు, వంటింట్లో నిలబడి ఏడ్చింది. మీకేమన్నా అయితే అని."

"నేను కుళాయి తిప్పి స్నానాల గదిలో ఏడ్చాను" అన్నారు అత్తగారు. "అది నాకు వినబడలేదు, దానికి నేను వినబడలేదు." తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఏం వంకలు నేర్పింది?" అని అడిగారు.

"అంచులు సమంగా లేవు, రేకు పల్చన, రంగు కలవదు."

"దానికి అంచుల సంగతేం తెలుసు? దాని మొహం" అని ఆవిడ కూడా నవ్వేశారు. ఆ నవ్వుతో భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. ఇన్ని రోజులూ అవి అంత బిగుసుకుని ఉన్నాయని అప్పుడు తెలిసింది. నాకు ఊపిరి తిరిగింది. ఎవరి చేతిలోంచీ ఎవరూ ఏదీ లాక్కోనక్కర్లేదు. ఆవిడ తనంతట తనే దించుకోవాలనుకుంటున్న బరువుని మేమంతా కలిసి దొంగతనం చెయ్యబోయాం.

"భయమేస్తే దిగమని, అందులో సిగ్గేం లేదని మీరే కదా అందరికీ చెప్పేది" అన్నాను.

"చెప్పడం తేలిక." ఆవిడ తలుపు మీద చెయ్యి వేసి ఆగారు. "ఈ బానెట్ ఏం చేద్దాం? తిరిగి ఇచ్చేస్తే మేస్త్రి బాధపడతాడు. అమ్మేస్తే కారు ఏడుస్తుంది."

"ఉంచేద్దాం. మీకు కనబడకపోతేనేం, నాకు బ్రహ్మాండంగా కనబడుతోంది."

అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. పెళ్ళయిన కొత్తలో చూసిన చూపే. "కోపం తగ్గిందా నీకు?"

"తగ్గలేదండీ. కానీ మీ అమ్మాయితో ఇన్నేళ్ళు కాపురం చేశాను కదా, మింగడం వచ్చింది."

"అయితే ఇటు రా" అన్నారు. ఆవిడ దిగి, కారు ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చారు, మూపురం మీద చెయ్యి ఆనించుకుంటూ. మేస్త్రి ఏమీ అర్థంకాక చూస్తుంటే, "వీధిలోకి తీసుకెళ్ళి చూస్తాం నాయనా. రేపు రంగుకి తెచ్చి ఇస్తాం. బానెట్ చాలా బావుంది" అన్నారు. అతని ముఖం వికసించింది. పక్క సీట్లో కూర్చుంటూ నాతో, "ఇంటికెళ్ళాక దానితో నేనే చెప్తాను. నువ్వు మధ్యలో దూరకు" అన్నారు.

"నాకేం పని? నేను తువ్వాళ్ళు మడతపెట్టుకుంటాను."

తాళంచెవి తిప్పాను. ఆ ఇంజను గొంతు మా చిన్న కారుకి ఏడు జన్మలెత్తినా రాదు. నెమ్మదిగా షెడ్డు దాటి రోడ్డెక్కాను. "మూపురం అంచు..." అని ఆవిడ మొదలుపెట్టారు.

"రోడ్డు అంచు మీద. పెట్టానండీ."

"కదలనివ్వకు."

కదలనివ్వలేదు. మార్కెట్టు మలుపు రాగానే ఎక్కణ్ణించో ఒక మోటారుసైకిలువాడు పక్కసందులోంచి ఊడిపడ్డాడు, అటూ ఇటూ చూడకుండా. బ్రేకు తొక్కాను. అరికాలి మంట నెత్తికెక్కింది, వాడి ఏడు తరాలూ నాలిక చివరికొచ్చాయి. మింగాను. మింగి, ఆవిడ కాలు ఇప్పటికే తన బ్రేకు మీద పడి ఉంటుందనుకుంటూ కిందికి చూశాను.

బ్రేకు పక్కన ఆవిడ చెప్పులు ఉన్నాయి, జతగా, విడిచిపెట్టి. అత్తగారు రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, మఠం వేసుకుని కూర్చున్నారు. కిటికీకి మోచెయ్యి ఆనించి పక్కలకి చూస్తున్నారు. మోటారుసైకిలు సంగతి ఆవిడకి తెలియనే లేదు.

"ఈ మేడ ఎప్పుడు కట్టారు?" అన్నారు. "రోజూ ఈ దారినే వెళ్ళేదాన్ని. ఎప్పుడూ చూడలేదు."

"నాకు తెలీదండీ" అన్నాను. "నేను ముందు చూసి నడుపుతున్నాను."